బాలింతకు పంపిన బాతులు

యూనివర్సిటీలో ఇగ్లాల్ గది తలుపు మీద రాసిన హోదా ఎంత పొడుగంటే, బోర్డు రాసినవాడు చోటు చాలక ఆఖరి మాటను కింద సన్నటి అక్షరాల్లో ఇరికించాడు. మహమ్మారుల ముప్పు పరిశోధన కార్యక్రమంలో శాస్త్ర విభాగానికీ, భాగస్వామ్యాలకీ కూడా ఆమే పెద్ద. భాగస్వాములంటే కాగితాల మీద పశువైద్య శాఖ, ఆరోగ్య శాఖ, సముద్రం అవతలి కొన్ని విశ్వవిద్యాలయాలు. ఇగ్లాల్ లెక్కలో మాత్రం డెల్టా పల్లెల్లో డాబాల మీద బాతులూ కోళ్ళూ పెంచుకునే ఆడవాళ్ళే అసలు భాగస్వాములు. వాళ్ళు మెట్ల తలుపు తీస్తేనే ల్యాబుకు పని ఉంటుంది. తియ్యకపోతే సముద్రం అవతలివాళ్ళు ఎంత తెలివైనవాళ్ళయినా చేసేదేమీ లేదు. గురువారం జరిగే భాగస్వాముల సమావేశంలో ఆమె చెప్పబోయేది కూడా అదే. ఆ ప్రసంగంలో 'నమ్మకం' అన్న మాట ఎన్నిచోట్ల వాడిందో ఆమెకే గుర్తు లేదు.

సోమవారం మధ్యాహ్నం ఆ ప్రసంగమే దిద్దుకుంటుండగా ల్యాబు నుంచి బహ్గత్ వచ్చాడు. ఒట్టి వాగుడుకాయ. వరండా ఆ చివర ఉండగానే మాటలు మొదలుపెట్టి, గదిలోకి వచ్చేసరికి సగం సంగతి చెప్పేసే మనిషి. ఇవాళ చప్పుడు చెయ్యకుండా లోపలికొచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ వీపు మీద చేతులు ఆన్చి నిలబడ్డాడు. అతను నోరు విప్పకముందే ఇగ్లాల్ పెన్ను కింద పెట్టింది.

“ఊరి నుంచి ఉమ్మ్ ఆతిఫ్ పంపిన చచ్చిన బాతు, మేడం,” అన్నాడు. “రెండోసారి కూడా చేసి చూశాను.”

“బర్డ్ ఫ్లూయేనా?”

“అదే. కానీ మనం ఎప్పుడూ చూసే రకంలా లేదు. మిషన్లో పెట్టానో లేదో వైరస్‌ని చూపించే గీత నిట్టనిలువుగా లేచింది. లోపల ఏం మారిందో పూర్తిగా చదవాలంటే ఇంకా టైం పడుతుంది.” కొంచెం ఆగాడు. “ఇంటికి ఫోన్ చేసి మా ఆవిణ్ణి కోళ్ళ బజారుకి వెళ్ళొద్దని చెప్పాను. తప్పా?”

“తప్పు కాదు,” అంది ఇగ్లాల్. ఇన్నేళ్ళుగా ఆమె చేస్తున్న పనంతా ఈ ఒక్క రోజు కోసమే. ఆ రోజు రాకూడదని కూడా ఆమె అన్నేళ్ళూ దేవుణ్ణి వేడుకుంటూనే ఉంది.

పక్షి చచ్చిపోతే పాతిపెట్టకుండా, కాలవలో పారెయ్యకుండా ల్యాబుకు చేర్చాలని కఫ్ర్ ఎల్-సవాకీ ఊరి ఆడవాళ్ళతో ఒప్పందం. దానికి బదులుగా ఇగ్లాల్ ఇచ్చిన మాట ఒకటుంది. పక్షుల్ని చంపే మనుషులు ఊళ్ళోకి రావలసివస్తే వాళ్ళకన్నా ముందు తనే వచ్చి, ఎవరి డాబా అయితే వాళ్ళ పక్కన కూర్చుని చెబుతుంది. సంగతి తేలేదాకా లేవదు. ఇంకో నియమం ఆమె తనకు తానే పెట్టుకున్నది. ఏ ఇంటి నుంచీ ఏమీ పుచ్చుకోకూడదు, గుడ్డుతో సహా. “మా ఇంట్లో టీ తాగుతారు, మా గుడ్డు ఏం పాపం చేసుకుందో,” అని ఇగ్లాల్ వెళ్ళినప్పుడల్లా ఉమ్మ్ ఆతిఫ్ దెప్పేది.

పశువైద్య శాఖ అధికారి వగ్దీకి ఫోన్ చేసింది.

“ఇప్పుడే మావాళ్ళని పంపిస్తా,” అన్నాడతను.

“రేపు పొద్దున్న పంపండి. ముందు నేను వెళ్ళి చెప్పాలి.”

“మీరు చెప్పిరావడమేంటి, బాతులు మంచాల కింద దూరడమేంటి, రెండూ ఒకేసారి అవుతాయి డాక్టర్ గారూ. ఆ ఆడవాళ్ళు మీకు టీ ఇస్తారు. నాకు ఖాళీ డాబాలు చూపిస్తారు.”

“చెప్పకుండా మీద పడితేనే దాస్తారు. పడుకునే గదిలో పిల్లల మధ్య దాస్తారు. అప్పుడు మనిద్దరం కలిసి ఏడవాలి.”

చివరికి వగ్దీ దిగివచ్చాడు. “సరే, నేనూ వస్తా మీతో. నాకూ కాస్త టీ పోయించండి.”

వాళ్ళు ఊరు చేరేసరికి ఉమ్మ్ ఆతిఫ్ డాబా మీద పీట వేసుకుని, ఒక బాతును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మేత కూరుతోంది. నానబెట్టిన బాకలా గింజలు గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలితో ముక్కు విడదీసి, ఒక్కొక్కటే లోపలికి నెట్టి, మెడ మీద పైనుంచి కిందకు నిమురుతోంది. పండక్కో పెళ్ళికో బాతు బలవాలంటే అలా కూరాల్సిందే. ఆ తరవాత తన నోట్లో నీళ్ళు పట్టి దాని ముక్కులోకి ఊదడం అక్కడి అలవాటు. దాన్ని మాన్పించడానికి ఇగ్లాల్‌కు ఏడాది పైగా పట్టింది.

“చూడండి డాక్టరమ్మా, నోటితో ఊదట్లేదు,” అని ఉమ్మ్ ఆతిఫ్ పక్కనున్న ప్లాస్టిక్ సీసా ఎత్తి చూపించింది. ఆ మాట అంటూనే ఇగ్లాల్ మొహానికున్న మాస్కునూ, వెనక మెట్లెక్కి వస్తున్న వగ్దీనీ చూసింది. బాతును వదిలేసింది. అది రెక్కలు దులుపుకుని గూట్లోకి పోయింది.

ఇగ్లాల్ ఇచ్చిన మాట ప్రకారం పక్కన, చూరు నీడలో కూర్చుంది. నెమ్మదిగా చెప్పింది. పక్కింటి డాబాల మీద నుంచి దాటుకుంటూ ఆడవాళ్ళు వచ్చి పిట్టగోడ వెంట నిలబడ్డారు.

“అన్నీనా?” అంది ఉమ్మ్ ఆతిఫ్.

“అన్నీ.”

“నావేనా, వీళ్ళవి కూడానా?”

“చుట్టుపక్కల ఇళ్ళన్నిటివీ.”

“పరిహారం ఇస్తారటగా,” అంది పక్కింటి బదావియ్యా. ఆవిడ నోటికి ఊళ్ళో మగవాళ్ళు కూడా జడుస్తారు. “మా చెల్లెలి ఊళ్ళో ఇస్తామన్నది ఇంకా దారిలోనే ఉంది. దాని మనవరాలి పెళ్ళికి చేరుతుందేమో.”

ఎవరూ నవ్వలేదు. ఉమ్మ్ ఆతిఫ్ కొంగుకి చేతులు తుడుచుకుంటోంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుస్తోంది.

“ఇప్పుడు అడిగేది జాగ్రత్తగా విను,” అంది ఇగ్లాల్. “ఈమధ్య ఈ డాబా మీద నుంచి పక్షి ఏదైనా బయటికెళ్ళిందా? అమ్మావా? ఎవరికన్నా ఇచ్చావా?”

ఉమ్మ్ ఆతిఫ్ ఆమె వైపు చూసింది. తరవాత వగ్దీ వైపు, పిట్టగోడ దగ్గరున్నవాళ్ళ వైపు చూసింది.

“లేదు,” అంది.

ఇగ్లాల్ గూడు వైపు చూసింది. ఎర్రటి మొహమున్న సూదానీ రకం మగబాతు ఒకటి ఉండాలి. వచ్చినప్పుడల్లా ఆమె చేతితొడుగు పట్టుకుని పీకేది. దాని దర్జా చూసి ఆమే దానికి పాషా అని పేరు పెట్టింది.

“పాషా ఏడి?”

“ముంగిస ఎత్తుకుపోయింది.”

“పాషానా? ముంగిసా?”

“అవునండి.”

“మరి వాడి జత?”

“అదీ అంతే.”

వగ్దీ గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడులో నవ్వు ఉంది. మధ్యాహ్నం నుంచీ ఇగ్లాల్‌ను వదలని భయం కోపంగా మారడానికి ఆ నవ్వు చాలింది.

“నీ మాట పట్టుకుని నేను పైవాళ్ళందరితో గొడవలు పడుతున్నాను,” అంది లేచి నిలబడి. “ఈ ఊరివాళ్ళు అబద్ధం చెప్పరని పోట్లాడుతున్నాను. నువ్వు నా మొహం మీదే చెబుతున్నావు. ఆ బాతులు ఎవరింట్లో ఉన్నాయో ఆ ఇంట్లో చంటిపిల్ల ఉంటే, ఆ పిల్లకేమన్నా అయితే ఆ పాపం నీదే, ఉమ్మ్ ఆతిఫ్. తెలుస్తోందా?”

ఉమ్మ్ ఆతిఫ్ మొహం తెల్లగా పాలిపోయింది.

“అప్పటికి అవి బాగానే ఉన్నాయండి,” అంది నెమ్మదిగా. “మంచివే చూసి…” ఆగిపోయింది. “డాక్టరమ్మా, ఒక్కసారి కిందకి రండి. మీ ఒక్కళ్ళకే చెబుతాను.”

“చెప్పేదుంటే అందరి ముందూ చెప్పు. చాటుమాటు సంగతులు నా దగ్గర లేవు.”

ఉమ్మ్ ఆతిఫ్ తల దించుకుంది. ఆ ఊరి ఆడవాళ్ళకు ఇన్నాళ్ళూ పెద్దదిక్కుగా ఉన్న మనిషి, వాళ్ళందరి కళ్ళ ముందూ, అల్లరి చేసి దొరికిపోయిన పిల్లలా నిలబడింది.

“ఏం లేదండి,” అంది. “ముంగిసే.”

సంగతి తేలేదాకా పక్కన కూర్చుంటానన్న మాట ఇగ్లాల్‌కు గుర్తు రాలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెనక బదావియ్యా, ఎవరితోనూ కాదన్నట్టుగా, “ఈవిడనే ఇలా అంటే రేపు మనల్ని ఏం చేస్తుందో,” అనడం మాత్రం వినబడింది.

కారులో ఫోన్ మోగింది. ఉమ్మ్ ఆతిఫ్. కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసింది.

“నేను చెప్పలే?” అన్నాడు వగ్దీ. అతని గొంతులో గెలిచిన సంతోషం లేదు. “బాతులు ఎక్కడున్నాయో కనుక్కోవాలి మేడం. నాకు భయంగా ఉంది.” అతనికి కూడా భయం వేస్తుందని ఇగ్లాల్ ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె కూతురు యుమ్నా ప్రసవించి రెండో వారం. పాపను ఎత్తుకుని చాలాసేపయిందన్న బెంగతో ఇగ్లాల్ ల్యాబులో ఒళ్ళు కడుక్కుని, బట్టలు మార్చుకుని కూతురి ఇంటికే వెళ్ళింది. వీధి మలుపు తిరిగేసరికి అపార్ట్‌మెంట్ ముందు ఉమ్మ్ ఆతిఫ్ కొడుకు ఆతిఫ్ వ్యాను ఆగి ఉంది. పుట్టిన పాపను ఆసుపత్రి నుంచి ఈ ఇంటికి తీసుకొచ్చింది ఆ వ్యానులోనే. ఉమ్మ్ ఆతిఫ్ పట్టుబట్టి పంపింది. అది బహుమానం కాదు, ప్రయాణమే కదా అని ఇగ్లాల్ ఆ ఒక్కసారికి ఒప్పుకుంది.

ఆతిఫ్ మెట్ల మొదట్లో నిలబడి ఉన్నాడు. పెళ్ళాం పిల్లలున్న మనిషి, ఏడుపు ఆపుకుంటున్నాడు.

“ఫోన్ ఎత్తట్లేదని అమ్మ పంపిందండి. పైన బెల్లు కొడితే పాప నిద్రపోతోంది, తరవాత రమ్మని తలుపవతల నుంచే కసిరారు.”

“ఎందుకొచ్చావు?” అంది ఇగ్లాల్. అడుగుతున్నప్పుడే ఆమెకు జవాబు తెలిసిపోయింది.

“బాలింతకి పులుసు కాచి పోస్తారని అమ్మ మొన్న పాషానీ, దాని జతనీ బుట్టలో పెట్టి ఇచ్చింది. మీరు పుచ్చుకోరని మీకు చెప్పొద్దంది. అప్పుడు శుభ్రంగా ఉన్నాయండి, ఒట్టు. ఇందాక చెబుదామనుకుందట. ఆ ఆఫీసరు ఎదురుగా ఉన్నాడని, మీరు నియమం తప్పారని మాట పడతారని…”

మిగతాది ఇగ్లాల్ వినలేదు. మెట్లెక్కుతోంది.

తలుపు తీసింది హాజ్జా ఫిక్రియ్యా. అల్లుడి తల్లి. మనవరాలు పుట్టినప్పటి నుంచీ వంటిల్లు ఆవిడ రాజ్యం. ఇల్లంతా ఏలకులూ మిరియాలూ వేసి కాచిన బాతు పులుసు వాసన.

“సమయానికొచ్చారు వదినగారూ. మొలోఖియా ఆకుకూర పొయ్యి మీదుంది. మొహం అలా ఉందేం? ఎండ తగిలిందా?”

“బాతుని ఎవరు కోశారు?”

ఫిక్రియ్యా దొరికిపోయినట్టు నవ్వింది. “తెలిసిపోయిందా? నేనే కోశాను నిన్న. ఇంకెవరు కోస్తారు, మీ అమ్మాయా? దానికి ఉల్లిపాయ కోస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఇంత లావుంది బాతు. ఈకలు పీకేసరికి నా నడుం పడిపోయింది.”

“ఎక్కడ పీకారు?”

“స్నానాల గదిలోనే. టబ్బులో వేణ్ణీళ్ళు పోసి ముంచి…”

“ఏ టబ్బు?”

ఇగ్లాల్ స్నానాల గదిలోకి తొంగి చూసింది. గోడకు ఆనించి నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు. పక్కన మేకుకు పాప తువ్వాలు, గట్టు మీద పాప సబ్బు. తువ్వాలు ఇంకా తడిగా ఉంది.

“కడిగానండీ,” అంది ఫిక్రియ్యా వెనకనుంచి. “బాగా తోమి కడిగాను. నేనేం శుభ్రం తెలియని మనిషినా?” అంటూ దగ్గింది. మోచేతిలోకి మొహం తిప్పుకుని ఇంకోసారి దగ్గింది. “పొద్దుట్నుంచి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఫ్యాను గాలి పడనట్టుంది.”

ఇగ్లాల్ ఒక అడుగు వెనక్కి వేసింది. “రెండోది?” అని అడిగింది.

వంటింటి వెనక బాల్కనీలో, బట్టలారేసే తీగ కింద, పాషా జత ఉంది. పడుకుని లేదు, నిలబడి లేదు. మెడ వెనక్కి మెలితిరిగి, తల వీపుకు ఆని, చూపు ఆకాశం వైపు ఉంది. కళ్ళ మీద పాలు పోసినట్టు తెల్లటి పొర. ఇగ్లాల్‌ను చూసి కాలు ఒకసారి కొట్టుకుంది. సూక్ష్మదర్శినిలోనూ పుస్తకాల్లోనూ వేలసార్లు చూసిన జబ్బు ఇప్పుడు కూతురి ఇంట్లో, పాప గౌనుల కింద ఉంది.

“పొద్దున్నే కాస్త మందంగా ఉందనుకున్నా,” అంది ఫిక్రియ్యా. గొంతు ఇప్పుడు చిన్నదైపోయింది. చదువు పెద్దగా లేకపోయినా ఇగ్లాల్ మొహం చదవడం ఆవిడకు వచ్చు. “వదినగారూ, దీన్ని సంచిలో వేసి ఇస్తే మావాడి చేత కాలవలో వేయిస్తాను. చీకటి పడబోతోంది, ఎవరికి తెలుస్తుంది? మీకు తెలిస్తే చాలదా, మీరు డాక్టరేగా. మందులు మీరే ఇవ్వండి. ఆ జ్వరాల ఆసుపత్రికి మాత్రం పసిగుడ్డుని పంపకండి. అక్కడికెళ్ళినవాళ్ళు…”

ఇగ్లాల్ వినకూడని మాట అది. ఊళ్ళో ఎందరి దగ్గరో విని, చెయ్యి పట్టుకుని ఎదురు చెప్పిన మాట. కానీ ఇప్పుడు ఆమె వింది. విని లెక్కలు వేసింది. మందు ల్యాబులో ఉంది. ముక్కులోంచి నమూనా తీసే స్వాబులు కారులోనే ఉన్నాయి. బహ్గత్ తన మనిషే. గురువారం సమావేశం ఉంది. ఆసుపత్రి వార్డులో పాప పక్కన దగ్గేవాళ్ళు ఎందరుంటారో ఆమెకు తెలుసు. తలుపు వెనక వేలాడుతున్న గోనెసంచిని ఆమె చెయ్యి అప్పటికే అందుకుంది. మూతి విప్పింది కూడా.

లోపల గదిలో పాప తుమ్మింది.

పసిపిల్లలు ఊరికే తుమ్ముతారు. ఇగ్లాల్ ఆ సంగతి ఎందరో తల్లులకు చెప్పి నవ్వించింది. ఇప్పుడు ఆ చిన్న తుమ్ముకు ఆమె ఆగిపోయింది. సంచి వంక చూసుకుంది. ఇది తన చేతిలోకి ఎలా వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. సిగ్గూ భయమూ కలిసి వచ్చాయి.

సంచిని వదిలేసి వగ్దీకి ఫోన్ చేసింది.

“బాతులు దొరికాయి,” అంది. “మా అమ్మాయి ఇంట్లో. ఆరోగ్య శాఖ వాళ్ళని కూడా పంపండి. చంటిపిల్ల ఉంది.”

“వస్తున్నా మేడం,” అన్నాడు వగ్దీ, మెత్తగా.

యుమ్నా పాపను గుండెకు అదుముకుని మంచం మూలకు జరిగింది. “నేను రాను. పాపని ఇవ్వను. నువ్వే ఇంట్లో చూడొచ్చుగా అమ్మా.”

ఇగ్లాల్ నోటికి ఊళ్ళో చెప్పే మాటలే వచ్చాయి. భయపడకు తల్లీ, రెండు రోజుల సంగతి, ముందుగా వెళ్తేనే మంచిది. ఎన్నో ఇళ్ళలో పనిచేసిన ఆ మాటలు కూతురి ముందు చప్పగా రాలిపోయాయి. చివరికి మాటలు మానేసి మంచం పక్కన నేల మీద కూర్చుంది. తెల్ల సూట్ల వాళ్ళు మెట్లెక్కి వచ్చేదాకా ఇద్దరూ ఏడ్చారు. ఎదురింటివాళ్ళూ పైవాళ్ళూ తలుపులు సందుగా తెరిచి చూశారు. పాపను ఎత్తుకుని మెట్లు దిగుతుంటే ఆ చూపులు ఇగ్లాల్ వీపుకు గుచ్చుకున్నాయి. తన వెంట వచ్చే తెల్ల సూట్లను చూసి పల్లెల్లో ఆడవాళ్ళు ఎందుకు ముసుగు లాక్కునేవాళ్ళో ఆమెకు ఆ మెట్ల మీద అర్థమైంది.

జ్వరాల ఆసుపత్రిలో తెల్లవారేసరికి ఫిక్రియ్యాకు జబ్బు సోకినట్టు తేలింది. ఆవిణ్ణి పై అంతస్తుకు, ఆక్సిజన్ ఉన్న గదికి మార్చారు. “టబ్బు సంగతి మావాడికి చెప్పకండి వదినగారూ,” అంది స్ట్రెచర్ మీద నుంచి, మాస్కు పక్కకు లాగి. యుమ్నాకు ఏమీ లేదు. పాప నమూనా మాత్రం తేలలేదు. ముక్కులో దొరికింది చాలక మళ్ళీ తీశారు. తల కదలకుండా ఇగ్లాలే పట్టుకుంది. పాప గుక్కపట్టి నీలంగా మారి, ఊపిరి తీసుకునేలోపు ఆమె ప్రాణం పైకి పోయి వచ్చింది. ఆ నమూనా ఇప్పుడు బహ్గత్ దగ్గర ఉంది.

ఆమెకూ ఆ వార్డులోంచి కదలడానికి లేదు. అద్దాల తలుపు వెనక బెంచీ మీద కూర్చుని ఉండగా వగ్దీ ఊరి నుంచి ఫోన్ చేశాడు.

“డాబాలన్నీ ఖాళీ,” అన్నాడు. “ఉమ్మ్ ఆతిఫ్‌వి తప్ప ఒక్క ఈక లేదు. తలుపులన్నీ వేసుకున్నారు. లోపలి నుంచి అరుపులు వినబడుతున్నాయి మేడం, పడగ్గదుల్లోంచి, బాతుల అరుపులూ పిల్లల అరుపులూ కలిసి. తలుపులు పగలగొట్టమంటారా? మావాళ్ళు రెడీగా ఉన్నారు.”

ఇగ్లాల్ కళ్ళు మూసుకుంది. తను దేనికి భయపడిందో అదే జరిగింది. చేసింది కూడా తనే. నిన్న అందరి ముందూ ఒక మనిషిని నిలబెట్టి కడిగేసింది. అది చూసినవాళ్ళు ఇంటికెళ్ళి పక్షుల్ని మంచాల కింద తోశారు. ఈ కొత్త రకం ఇన్ని గదుల్లో ఇంతమంది పిల్లల మధ్య ఒక్క రాత్రి గడిపితే చాలు, ఊరు దాటుతుంది.

“పగలగొట్టకండి,” అంది. “మసీదుకి వెళ్ళండి. ఫోన్ని మైకు దగ్గర పెట్టమనండి.”

“ఏం చెబుతారు?”

“పెట్టమనండి.”

అడుగుల చప్పుడు, ఎవరో పెద్దాయనతో వగ్దీ మాటలు, తరవాత గరగరమని మైకు. తన ఊపిరి ఊరి మీద వినబడుతోందని ఇగ్లాల్‌కు తెలిసింది. ప్రసంగాల్లో వాడే మాట ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

“నేను డాక్టర్ ఇగ్లాల్‌ని,” అంది. “నిన్న ఉమ్మ్ ఆతిఫ్ అబద్ధమాడిందని మీ అందరి ముందూ అన్నాను. పాషానీ, దాని జతనీ ముంగిస ఎత్తుకుపోలేదు. మా అమ్మాయి బాలింత అని ఆవిడ ప్రేమతో మా ఇంటికే పంపింది. నాకు మాట వస్తుందని నోరు కట్టేసుకుంది. విడిగా చెబుతానని బతిమాలితే నేనే వినలేదు. పాషాని మా వియ్యపురాలు కోసి, పాపకి నీళ్ళు పోసే టబ్బులోనే ఈకలు పీకింది. ఆవిడకి జబ్బు పట్టుకుంది. పాప సంగతి ఇంకా తెలియలేదు. జ్వరాల ఆసుపత్రిలో కూర్చుని ఉన్నాను.” కూతురి గది వైపు చూసింది. “రెండో బాతుని నేను కూడా దాచబోయాను. సంచి చేత్తో పట్టుకున్నాను. కాబట్టి మీరు దాచారని నేను ఏమీ అనను. పిల్లలున్న గదిలోంచి మాత్రం వాటిని తీసెయ్యండి. అంతే. ఇంక నాకేం చెప్పాలో తెలియట్లేదు.”

మైకు గరగర వినబడలేదు. లైను తెగిపోయిందేమోనని ఆమె చెవికి గట్టిగా అదుముకుంది.

ఎవరో ఆయాసపడుతూ వచ్చిన చప్పుడు. “ఇటివ్వండి,” అన్న గొంతు. ఉమ్మ్ ఆతిఫ్.

“పాప పాలు తాగుతోందా?” అంది. ఊరంతా వినబడేలా మైకులోనే అడిగింది.

“తాగుతోంది.”

“ఒళ్ళు వెచ్చబడిందా?”

“ఇప్పటికైతే లేదు.”

“బాలింత పులుసు తాగిందా?”

“తాగింది. పులుసు వల్ల ఏం కాదు, బాగా ఉడికింది.”

ఉమ్మ్ ఆతిఫ్ ఏడుస్తోందో, మెట్లెక్కిన ఆయాసమో తెలియలేదు. “నా చేతులు విరిగిపోనూ,” అంది. “రాత్రంతా నిద్రపోలేదు డాక్టరమ్మా. మంచివే ఏరి పంపాను. రెండూ మంచివే.”

“నాకు తెలుసు.”

“సంగతి తేలేదాకా పక్కన కూర్చుంటానన్నారు మీరు. లేచిపోయారు.”

“అవును.”

“సరే. ఇప్పుడు నేను కూర్చుంటా. ఫోన్ పెట్టెయ్యను. ఈ ఆఫీసరుది ఛార్జింగ్ ఉన్నంతసేపూ ఇక్కడే ఉంటా.”

ఇగ్లాల్ బెంచీ మీద, లోపల కూతురు పాపకు జోకొడుతున్న తలుపుకు ఎదురుగా, ఫోన్ పట్టుకుని కూర్చుంది. కొంతసేపటికి ఎక్కడో గడియ తీసిన చప్పుడు వినబడింది. దూరంగా ఒక బాతు అరిచింది.

“బదావియ్యా,” అంది ఉమ్మ్ ఆతిఫ్ మెల్లగా, పక్కన కూర్చుని వీధి చూపిస్తున్నట్టు. “రెండు చంకల్లోనూ రెండు పెట్టుకుని వస్తోంది. ఒసే, మొహానికి గుడ్డ కట్టుకోవే… కట్టుకుంది. దాని వెనక కోడలు, కోళ్ళ గంపతో. అదిగో, ఆ చివరింటివాళ్ళు కూడా తలుపు తీశారు. మంచం కింద ఇన్ని పట్టాయా వాళ్ళకి?”

బాతుల గోల పెరుగుతోంది. ఒక వీధి నుంచి ఇంకో వీధికి అందుకుంటున్నాయి. ఆ గోలలో ఉమ్మ్ ఆతిఫ్ మాటలు సగం సగం వినబడుతున్నాయి. ఇగ్లాల్ చూపు మాత్రం అద్దాల తలుపు మీదే ఉంది.

వరండా ఆ చివర బహ్గత్ కనిపించాడు. అతను వేగంగా వస్తున్నాడు. మూసిన అద్దం అవతల అతని గొంతు వినబడదు. చెవిలో ఊరు ఊరంతా బాతులు అరుస్తున్నాయి. ఇగ్లాల్ లేచి అద్దానికి చెయ్యి ఆన్చింది. అతని ముక్కు మీది మాస్కు ఆపకుండా కదులుతోంది. రెండు చేతులూ తిప్పుతూ, దారిలో ఎదురైన నర్సుకు కూడా ఏదో చెబుతూ, అతను ఎప్పటిలాగే అంత దూరం నుంచే మాట్లాడుకుంటూ వస్తున్నాడు.